తదుపరి స్టేషను: మణెమ్మ ఇల్లు

సికింద్రాబాదు కుమ్మరిబస్తీలో నగర రైలు మణెమ్మ ఇంటి గుమ్మంలోంచి లోపలికి వచ్చి, ముందుగది, వంటగది దాటుకుని పెరటి గోడలోంచి బయటికి పోతుంది. మొదట్లో రైలు వచ్చినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమనేవి. తర్వాత వాటికీ అలవాటైంది.

ఇలా ఎందుకైందంటే, బస్తీలో వీధి వెడల్పు చాలలేదు. వీధిని వెడల్పు చేస్తే రెండు వైపులా ఇళ్లు పోతాయి. ఇంట్లోంచే తీసుకెళ్తే ఒక్క ఇల్లు కూడా పోదు. రైలు కార్యాలయంలో ఈ ఆలోచన అందరికీ దయగలదిగా తోచింది. పట్టాలు వేయించడానికి వచ్చిన ఇంజనీరు వినీల్ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. గడపకు రాసిన పసుపు చెరగకుండా పట్టాలను కాస్త ఎత్తించాడు. వంటగది మూలనున్న దేవుడి అర జోలికి పోలేదు. వెళ్లేముందు మణెమ్మకూ, ఆమె భర్త చెన్నకేశవులుకూ ఒకే ఒక్క నిబంధన చెప్పాడు.

"రైలు ఆగనంత కాలం ఇది మీ ఇల్లే అమ్మా. ఆగిందంటే మాత్రం స్టేషను అవుతుంది. స్టేషన్లో ఎవరూ కాపురం ఉండకూడదు."

"మేమెందుకు ఆపుతం బిడ్డా. పోయేదాన్ని పోనిస్తం," అంది మణెమ్మ.

ఆ మాట ఆమె మనసారా అన్నదే. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ అరలో సాయంత్రం దీపం పెట్టడం ఆమె మానలేదు. ఆ దీపం అక్కడ వెలిగితే చాలు, రైలు ఎటు పోయినా ఆమెకు పేచీ లేదు.

అయితే గడప దాటి లోపలికి వచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. రైల్లో ఆడవాళ్లు వస్తున్నారు. గడప దాటే వస్తున్నారు. పిలిస్తే వచ్చారా, టికెట్టు కొనుక్కుని వచ్చారా అని ఆచారం అడగదు. అందుకని మణెమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ముందుగదిలో నిలబడి, కిటికీల్లో కనబడిన నుదుళ్లకు బొట్టు పెడుతూ వంటగది దాకా రైలుతో పాటు పరుగెత్తేది. కొందరికి నుదుట పడేది, కొందరికి ముక్కు మీద. ఆఫీసులకు పోయే అమ్మాయిలు బస్తీ రాగానే కళ్లజోళ్లు తీసి, ముఖాలు ముందుకు పెట్టుకుని కూర్చునేవారు. ఒక పెద్దమనిషి కూడా తల బయటపెడితే, "నీకు గుళ్లె వెడ్తరు తియ్యన్నా," అని ఆమె పక్క కిటికీకి సాగిపోయింది.

పక్కింటి బాలామణికి ఇది చూస్తే కొంచెం ఈర్ష్యగా ఉండేది. అంతకుముందు మెయిన్ రోడ్డు పనుల్లో ఆమె ఇంటి ముందరి గది పోయింది.

"నీ నసీబు మంచిదొదినె. రైలు వచ్చినా ఇల్లు ఇంటి లెక్కనే ఉన్నది. మా అర్ర కోసుకపోయిన రోడ్డు, పోయొస్తనని సుత అనలే," అంది.

శ్రావణ శుక్రవారం నాడు రైలు మామూలుగానే వచ్చింది. మణెమ్మ వేలు జారి ఒక అమ్మాయి కంట్లో కుంకుమ పడింది. ఆ పిల్ల అమ్మా అని కళ్లు మూసుకుంది. రైలు నడిపే జంగయ్య అద్దంలో ఇది చూశాడు. అతను దేవుడంటే భయం ఉన్న మనిషి.

"అమ్మా, పోరి కండ్లల్ల వడ్డది. జర ఆపుత. నిమ్మళంగ వెట్టు," అని కేకేసి, రైలు ఆపాడు.

మణెమ్మ చేతిలో భరిణె అలాగే ఉండిపోయింది. పోనీయమని చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇంట్లో నిలబడ్డవాళ్లను పొమ్మనడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"ఆగనే ఆగిండ్రు. దిగి మంచినీళ్లు తాగి పోండ్రి," అంది.

ఆడవాళ్లు దిగారు. కుదురుగా బొట్టు పెట్టించుకున్నారు. కొంగుల్లో నానబెట్టిన శనగలు పోయించుకున్నారు. కళ్లు కడుక్కున్న పిల్ల, ఇల్లు చల్లగా ఉందని మెచ్చుకుంది. జంగయ్య కూడా ఒక చెంబెడు నీళ్లు తాగాడు.

మర్నాడు వినీల్ వచ్చాడు. ఈసారి చెప్పులు విడవలేదు. స్టేషన్లో ఎవరూ విడవరు.

"ఆగింది రైలు గద సారూ," అన్నాడు చెన్నకేశవులు. "మేమెందుకు లేవాలె?"

"రైలు ఆగిన చోట మనుషులు కదలాలి పెద్దాయనా. పద్ధతి అది."

"మరి దేవుడు?"

"ఆయన ఉండొచ్చు. ఆయన వండుకోడు, పడుకోడు."

"దీపమో?" అని అడిగింది మణెమ్మ.

"స్టేషన్లో నిప్పు కూడదమ్మా. బల్బు పెట్టిస్తాం. గాలికి కూడా ఆరదు."

ఆరని దీపం మంచిదే. వెలిగించే చేయి అక్కర్లేని దీపం దేవుడికి చేరుతుందా అన్నది చెన్నకేశవులుకు తెగని సందేహం. అడుగుదామనుకున్నాడు గానీ, అది ఇంజనీరు శాఖ కిందికి రాదనిపించి ఊరుకున్నాడు.

లైను చివరి స్టేషను అవతల వాళ్లకు ఇల్లు చూపించారు. కుమ్మరిబస్తీ స్టేషనుకు, స్థానికుల మనోభావాలు గౌరవించి, "మణెమ్మ ఇల్లు" అని పేరు పెట్టారు. ముందుగది గోడ మీద, రైలు పక్కన భరిణెతో పరుగెత్తుతున్న ఆడమనిషి బొమ్మ వేయించారు. బొమ్మలో ఆమెకు ఆయాసం లేదు.

ఒక సాయంత్రం దీపాల వేళకు మణెమ్మ, చెన్నకేశవులు టికెట్టు కొనుక్కుని రైలెక్కారు. "తదుపరి స్టేషను, మణెమ్మ ఇల్లు," అని రైల్లో వినిపించింది. మణెమ్మ కొంగు సర్దుకుంది. రైలు గడప దాటి వంటగదిలో ఆగింది. గిన్నెల గూటి చోట టీ కొట్టు ఉంది. అరలో దేవుడి ముందు బల్బు వెలుగుతోంది.

యూనిఫాం వేసుకున్న పిల్ల ఒకతె ఎక్కి, ఆడవాళ్లందరికీ వరసగా స్టిక్కరు బొట్లు పెడుతూ వచ్చింది. సంప్రదాయం పోకూడదని కార్యాలయం ఆమెను నియమించింది. మణెమ్మ దగ్గరికి రాగానే, ఆమె నుదుటి మీద ఉన్న కుంకుమ మీదే స్టిక్కరు సరిగ్గా మధ్యలో అంటించింది.

"దిగుతరా అమ్మా, ముందటికి పోతరా?"

మణెమ్మ దేవుడి అర వైపు చూసింది. చేతులు జోడించింది.

"పోయొస్త బిడ్డా," అంది.

"మంచిదమ్మా, మల్ల రాండ్రి," అని ఆ పిల్ల దిగిపోయింది.

తలుపులు మూసుకున్నాయి. రైలు పెరటి గోడలోంచి బయటికి వచ్చింది. చెన్నకేశవులు అన్నాడు:

"మంచిపిల్ల. బొట్టు వెట్టకుంట పంపలే."