కుర్చీ కదలని తనిఖీ

మా మేడలో మూడో అంతస్తులో ఉండే భవనాల తనిఖీ అధికారి గారు విధి నిర్వహణలో గాయపడ్డారని తెలియజేయడానికి గర్విస్తున్నాం. ఆ సమయానికి ఆయన పడకగదిలో వాలుకుర్చీలో ఉన్నారు. విధి మాత్రం కళ్లకు తగిలించుకున్న హెడ్‌సెట్‌లో ఉంది.

హెడ్‌సెట్ ఆఫీసువాళ్లు ఇచ్చిందే. అందులో మంచు కమ్మిన ఊళ్లుంటాయి, మనుషులు వదిలేసిన బంగళాలుంటాయి. శత్రువులుండరు, గెలుపోటములుండవు. గాలి చప్పుడు వింటూ గది గదీ తిరగడమే ఆట. ఉద్యోగంలో చేరాక ఒక్క భవనం గడపా తొక్కని మనిషి, ఆ బంగళాల్లో తడిసిన గోడలు తడిమి, చెదపట్టిన దూలాల కింద నిలబడి కన్నీళ్లు పెట్టుకునేవారు.

"ఏమండీ, పైకప్పు బీటలు వారింది. ఒక్కసారి తలెత్తి చూడండి," అంది భార్య.

"ఉండవే! ఇక్కడ మెట్లు ఎంత అందంగా కూలాయో! ఎవరూ పట్టించుకోలేదు పాపం."

"నేను చెప్పేది మనింటి గురించండీ!"

"ఫిర్యాదు ఇవ్వు. పరిశీలిస్తాం."

పక్కన మంచం మీదున్న అత్తగారు లేచారు. "అల్లుడు పనిలో ఉన్నాడు, కదిలించకమ్మా. నా మంచం అవతలికి లాగు."

తల్లీకూతుళ్లు మంచం వరండాలోకి లాగారో లేదో, పైకప్పు పెచ్చు ఊడి అధికారి గారి మీద పడింది.

"ఆహా, బరువు కూడా తెలుస్తోందే!" అని మెచ్చుకుంటూనే ఆయన స్పృహ తప్పారు. భార్య గోళ్లు విరిగేలా పెళ్లలు తోడి ఆయన్ని బయటికి లాగింది. కళ్లు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట, "ఆట సేవ్ అయిందా?" ఆమె ఏడుపు దిగమింగి, తల్లిని తీసుకుని అక్క ఇంటికి వెళ్లిపోయింది.

విచారణ సంఘం వచ్చింది. వచ్చిందంటే, ఆఫీసులో కూర్చునే వచ్చింది. కూలిన గదిని ఫొటోలు తీయించి ఆటలోకి ఎక్కించి, సభ్యులంతా హెడ్‌సెట్లు పెట్టుకుని అందులో తిరిగారు. తరవాత సంఘాధ్యక్షులు మా మేడ కిందే సభ పెట్టారు.

"ఇంత జీవం ఉట్టిపడే శిథిలాన్ని నా సర్వీసులో చూడలేదు! దుమ్ము అద్భుతం. ఆ ఖాళీ కుర్చీ చూస్తే గుండె తరుక్కుపోయింది. దీన్ని ప్రజలందరికీ ఉచితంగా అందిస్తున్నాం!"

మేమూ వరసలో నిలబడి చూశాం, కంటతడి పెట్టాం. హెడ్‌సెట్ తీశాక మాత్రం కడుపు మండింది. ఒకే మేడలో ఉంటూ, ఒక్క ఇంటికేనా ఈ గౌరవం? మా గదులనూ ఆటలో చేర్చాలని అప్పటికప్పుడు అర్జీ పెట్టుకున్నాం.

అధ్యక్షులు చిరునవ్వుతో, "తొందరెందుకండీ? ఈ మేడ కట్టడానికి అనుమతిచ్చింది మేమే. అందరి వంతూ వస్తుంది," అని హామీ ఇచ్చారు.

మేం కొట్టిన చప్పట్లకి నెత్తిమీద కాస్త సున్నం రాలింది. అది చూసి ఇంకాస్త గట్టిగా కొట్టాం.