పాత ర్యామ్, ముందు గది

మిర్యాలగూడ రైస్ మిల్లు తిరుమలేష్‌ను హమాలీలు చాటుగా "గేమింగ్ సేటు" అంటారు. పగలంతా ధాన్యం తేమ చూసి, సాయంత్రం కాగానే కంప్యూటర్‌లో తుపాకీ పట్టుకునే మనిషిని మరేమనాలి? ఆ కంప్యూటర్‌ను వీడియోలు చూస్తూ తన చేతులతోనే బిగించాడు. చివర్లో నాలుగు స్క్రూలు మిగిలాయి. అవి కంపెనీవాళ్లు ఉదారంగా ఎక్కువ ఇచ్చారని అతని నమ్మకం.

నెల రోజులు బాగానే నడిచింది. శుక్రవారం నాడు ర్యామ్‌కు, అంటే లోపలి బోర్డులో గుచ్చే వేలెడంత మెమరీ పట్టీకి, దుమ్ము పట్టిందని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. అంతే, తెర నల్లబడింది.

మర్నాడు పొద్దున్నే భార్య శిల్ప నడుం మీద చెయ్యేసుకుని వచ్చింది. పెళ్లికూతుళ్ల జాకెట్లకు మగ్గం పని చేస్తుందామె. ఆ మగ్గం ఫ్రేము నెల నుంచి వంటింటి గుమ్మంలో అడ్డంగా పడి ఉంది.

"ముందు గదంత ఆక్రమించినవ్. గిప్పుడు ఆ డబ్బా సచ్చింది గద, తీసెయ్. నా మగ్గం ఏసుకుంట."

"సావలేదే! మెమరీ పోయిందంతే."

"నీకా, దానికా?"

తిరుమలేష్‌కు పౌరుషం వచ్చింది. "రేపు సాయంత్రం లోపల ఆ తెర మీద ఎలుగు ఎవరు తెప్పిస్తే, గది వాళ్లదే. పందెం!" అని తొడగొట్టాడు. ఆ ఇంట్లో కంప్యూటర్ మెకానిక్ తనొక్కడేనని అతని ధీమా.

"ఎవరు తెప్పిస్తే వాళ్లదే గద? మాట తప్పవు గద?"

"మిల్లోళ్ల మాట. తూకం తప్పదు."

"అయితే బోర్డుతోని వచ్చిన పుస్తకం సదువుకొని పో. ఏది పడ్తదో అండ్ల రాసి ఉంటది."

"నాకు పుస్తకం కావాల్నా?" అని మీసం దువ్వుకుంటూ, ఇంకో ర్యామ్ కొనడానికి సూర్యాపేట బస్సెక్కాడు.

అక్కడ కంప్యూటర్ షాపు హరిలాల్ మర్యాదగా అడిగాడు. "డీడీఆర్ ఫోరా, ఫైవా అన్నా?"

"ఏంది తేడా?"

"ఫోర్ పాతది, ఫైవ్ కొత్తది. మీ బోర్డు ఏదన్నా?"

బోర్డు సంగతి తిరుమలేష్‌కు తెలియదు. కానీ పాత, కొత్త అనే మాటలు తెలుసు. మూడు తరాల మిల్లు రక్తం ఒక్కసారిగా పొంగింది.

"పాతదే ఇయ్యి. కొత్తది ముద్దయితది."

"అన్నా, గివి బియ్యం కావే!"

"అన్నీ ఒక్కటే తమ్మీ. పాతదే ఒదుగుతది."

ఇంటికొచ్చి దాన్ని బోర్డులో పెడితే దిగదే! ర్యామ్ మీది గంటు ఒకచోట, బోర్డు గాడిలో అది కూర్చోవాల్సిన బొడిపె ఇంకోచోట. బస్తాలో బియ్యం కుక్కినట్టు రెండు చేతులా కుక్కాడు. ఎక్కడో కటుక్కుమంది.

"ఇరిగింది బోర్డా, నీ ఏలా?" శిల్ప కంగారుగా అడిగింది.

"ఏలే!" అన్నాడు, ప్రాణం లేచొచ్చినట్టు.

ఆ తర్వాత ఆకురాయి తెచ్చి గంటును అరగదీయబోతే శిల్ప లాక్కుంది. "పుస్తకం సూసిన. మన బోర్డుకు ఫైవ్ పడ్తది. నువ్వు తెచ్చింది ఫోర్. ఎంత అరగదీసినా ఫోర్ ఫైవ్ గాదు."

ఆదివారం మళ్లీ సూర్యాపేట. ఈసారి హరిలాల్ అడగకుండానే పాతది తీసుకుని, కొత్త డబ్బా చేతిలో పెట్టాడు. "వదిన ఫోన్ జేసింది. బోర్డు ఫొటో గూడ పంపింది అన్నా."

తిరుమలేష్ మొహం చిన్నబోయింది. అయినా పందెం ఇంకా బతికే ఉంది. తెచ్చేది ఎవరు చెబితేనేం, పెట్టేది తనే కదా.

నిన్నటి వేలు ఇంకా సలుపుతోంది. అందుకని ఈసారి పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెత్తగా ర్యామ్‌ను గాడిలో ఆనించి, స్విచ్ వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం అమావాస్యే.

"హరిలాల్‌గాడు మోసం జేసిండు! ఖరాబుది అంటగట్టిండు!"

"జర పక్కకు జరుగు," అంది శిల్ప. కరెంటు తీసింది. రెండు బొటనవేళ్లూ ర్యామ్ రెండు చివరలా పెట్టి గట్టిగా నొక్కింది. టక్, టక్. ఇటూ అటూ కొక్కేలు పడ్డాయి. మళ్లీ స్విచ్ వేయగానే తెర తెల్లారింది.

తిరుమలేష్ సంతోషంతో ఎగిరి, గాల్లో ఉండగానే పందెం గుర్తొచ్చి, దిగులుగా కిందికి దిగాడు.

"తెచ్చింది నేను గద శిల్పా. సగం సగం పంచుకుందం."

"ఎలుగు తెప్పిస్తే అన్నవ్. తెచ్చినోళ్ల ముచ్చట తీయలే."

అప్పుడే తలుపు చప్పుడైంది. చూస్తే ఎదురింటి నాగరాణి, వెనక ఇద్దరు ఆడవాళ్లు, అందరి చేతుల్లో జాకెట్ ముక్కలు.

"శిల్పక్కా, ఐదింటికి ముందు గదికి రమ్మంటివి గద!"

తిరుమలేష్ నోరు తెరిచాడు. "నీకెప్పుడు సెప్పింది?"

"నిన్న పొద్దుగాల అన్నా. మీరు సూర్యాపేట బస్సెక్కంగనే."

అతను భార్య వైపు తిరిగాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది, తల కూడా ఎత్తలేదు.

"అన్నా, జర ఆ డబ్బా తీస్తే కూసుంటం," అంది నాగరాణి.

గేమింగ్ సేటు మానిటర్‌ను చంకన పెట్టుకుని, మెట్ల కింద జాగా ఎంతుందో చూడటానికి వెళ్లాడు.