ఇరవై ఐదు పిన్నుల పుణ్యం

కొత్త కంప్యూటర్లలోంచి పారలల్ పోర్టును పీకేసిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయన ఫొటోకి దండ వేయాలని ఉంది. బతికే ఉంటే క్షమించాలి. దండ మెడలోనే వేస్తాను!

పారలల్ పోర్టంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. పాత ప్రింటర్ కేబుల్‌ను కంప్యూటర్ వెనక తగిలించే వెడల్పాటి చోటు అది. ఇరవై ఐదు పిన్నులు. తెలివైనవాళ్లు దాన్ని తీసేశారు. దేశానికి ఎంత మేలు చేశారో వాళ్లకే తెలియదు!

మావారు విశ్వేశ్వరరావు గారు కరెంటాఫీసులో రిటైరయ్యారు. ముప్పై ఏళ్ల కిందట కొన్న జాతకాల ప్రోగ్రాం ఒకటి ఆయన దగ్గరుంది. పారలల్ పోర్టుకి ‘లాక్’ అనే చిన్న బిళ్ల తగిలిస్తే తప్ప అది నిద్ర లేవదు. ఆ పోర్టున్న ప్రింటర్‌తో తప్ప మాట్లాడదు. అమ్మాయి పుట్టిన గంట, అబ్బాయి పుట్టిన గంట కొడితే, అంచుల్లో చిల్లులున్న కాగితం మీద ముప్పై ఆరుకి ఎన్ని గుణాలు కలిశాయో కరకరమంటూ వచ్చేస్తుంది. పద్దెనిమిదికి తగ్గిందా, సంబంధం అక్కడితో సరి!

కొండాపూర్‌లో సగం సంబంధాలు మా హాల్లోంచే పోవాలి. వచ్చేవాళ్లెవరనుకున్నారు? పగలంతా క్లౌడ్ గురించి మాట్లాడే ఇంజనీర్లే! వాట్సాప్‌లో పంపిస్తే వాళ్ల పెద్దలు నమ్మరు. చిల్లుల కాగితమే కావాలి.

పోయిన నెల మా పాత కంప్యూటర్ కన్నుమూసింది. కొన్న కొత్తదానికి పోర్టు లేదు. పై అంతస్తు గిరీష్‌కి సరిగ్గా అప్పుడే అవసరం పడింది. అనంతపురం కుర్రాడు. తనతో పనిచేసే నిజాంపేట అమ్మాయి నవ్యను చేసుకుంటానన్నాడు. తల్లి వెంకటలక్ష్మి కాదనలేదు. “రావు సారు కాగితం రానీ నాయనా. పద్దెనిమిది దాటితే ముహూర్తం. లేదంటే ఆ పిల్ల మాటే ఎత్తొద్దు” అంది.

ఇక పోర్టు లేకపోవడం వల్ల కలిగిన లాభాలు చూడండి!

మొదటి ఆదివారం గిరీష్ యూఎస్‌బీ కన్వర్టర్ తెచ్చాడు. ప్రింటర్ పలికింది. ప్రోగ్రాం మాత్రం లాక్ కనపడటం లేదని మొండికేసింది. రెండో ఆదివారం నవ్య కూడా వచ్చింది. మా చిన్నల్లుడి పాత డబ్బా కంప్యూటర్ తెరిచి, పోర్టు ఉన్న కార్డు బిగించారు. ప్రోగ్రాం పాత అడ్రసులో వెతుకుతోందట, కార్డు కొత్త అడ్రసులో కాపురం పెట్టిందట!

“ఏంది గిరీష్, ఎనిమిదేళ్ల ఎక్స్‌పీరియన్స్ గిదేనా? జర టార్చ్ ఇటియ్యి” అంది నవ్య, బల్ల కింద దూరుతూ.

“నువ్వు చూస్తే కనపడతాదా పోర్టు?”

“పోర్టేమో గానీ, నీ సాక్సుకు బొక్క కనపడుతుంది.”

నేను ఉప్మా కలుపుతూ వింటున్నాను. అతను అలిగితే ఆమె చట్నీ గిన్నె అటు జరిపింది. ఆమె వేలికి కార్డు అంచు గీరుకుంటే అతను వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి పసుపు అడిగాడు. పోర్టు పనిచేసి ఉంటే ఇదంతా జరిగేదా? రెండు నిమిషాల్లో కాగితం వచ్చి పడేది! ఒకరి ఓర్పు ఇంకొకరు చూసుకోవడానికి ఇంతకన్నా మంచి యంత్రం ఉందా? ప్రతి కల్యాణ మండపానికీ పాడైన ప్రింటర్ ఒకటి ప్రభుత్వం ఉచితంగా ఇవ్వాలని నా విన్నపం!

మూడో ఆదివారం ఇద్దరూ సెకండ్‌హ్యాండ్ దుకాణం నుంచి పోర్టున్న కంప్యూటరే మోసుకొచ్చారు. సెట్టింగులేవో మార్చారు. ప్రోగ్రాం లేచింది. ప్రింటర్ కరకరలాడింది. మావారు మీసం దువ్వారు. నేను మాత్రం గోడ మీది స్విచ్చి దగ్గరికి జరిగాను.

కాగితం చేతికొచ్చింది. అక్షరం లేదు, అంకె లేదు. అడ్డగీతలు, పేకముక్కల గుర్తులు, నవ్వు ముఖాలు, వరసకు పది హృదయాలు! సెట్టింగు ఇంకొకటి తప్పిందట.

అంతలో వెంకటలక్ష్మి ఫోన్. “ఏమక్కా, కాగితం వచ్చిందా?”

“వచ్చిందమ్మా.”

“ఎన్నొచ్చినాయి?”

“ఒక్క నిమిషం ఆంటీ, మళ్లీ కొడతా” అన్నాడు గిరీష్ నాతో, కీబోర్డు మీదకు వంగి. నవ్య గోళ్లు కొరుక్కుంటోంది.

నేను ఆ స్విచ్చి ఆపేసి, ఫోన్లో చెప్పాను.

“పేజీ నిండా వచ్చాయమ్మా! జాగా లేనన్ని వచ్చాయి. ముహూర్తం చూసుకో.”

మావారు నోరు తెరిచారు. నేను చూసిన చూపుకి మూసేశారు.

కాబట్టి పాఠకులారా, పోర్టు పోయినందుకు నాకు బాధ లేదు. ఆలస్యంగా పోయిందనే నా గొడవంతా. ఇరవై రెండేళ్ల కిందట అది బ్రహ్మాండంగా పనిచేసేది. మా పెద్దమ్మాయి ఆమనికీ, తను కోరుకున్న భరత్‌కీ పదకొండు గుణాలని స్పష్టంగా కొట్టింది. కళ్లజోడు సర్దుకుని గట్టిగా చదివింది నేనే. భరత్ చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ రోజు ఒక్క పిన్ను కూడా మొరాయించలేదు. ఎన్ని గుణాలని మేమిద్దరం ప్రింటర్‌ను అడిగాం. పక్క గదిలో ఉన్న పిల్లను మాత్రం ఏమీ అడగలేదు.