ఎర్రగుట్ట మీద పాలపిట్ట దర్శనం

"ఈ దసరా నుంచి పాలపిట్ట మన ఎర్రగుట్ట అడవి విడిచి ఎక్కడికీ పోదు. ఇది ప్రభుత్వం మాట!" అని మంత్రిగారు సూర్యాపేట సభలో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ సభకు కుర్చీలు, షామియానా నావే. మోతెలో నాకు టెంట్‌హౌస్ ఉంది. దేవుడి దయవల్ల మా జిల్లాలో ప్రకటనలకు కొరత లేదు.

పాలపిట్ట అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగే అవసరం కూడా లేదు. మంత్రిగారు అందరి తరఫునా ఆలోచిస్తారు.

దసరా నాడు జమ్మిచెట్టుకు పూజచేసి, పాలపిట్టను కళ్లారా చూసి దండం పెట్టుకుంటే ఏడాదంతా మంచి జరుగుతుందని మా నమ్మకం. చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజానికెత్తుకుని ఎర్రగుట్ట దగ్గరికి తీసుకుపోయేవాడు. గుట్ట మీద అడవి. గుట్ట కింద తండా. తండా చుట్టూ జొన్నచేలు. పిట్ట ఏ గట్టు మీదో, తండాకు పోయే కరెంటు తీగ మీదో కూర్చుని ఉండేది. ఎడ్లు దున్నుతుంటే లేచే పురుగుల కోసం రెక్కలు విప్పి దిగేది. ఆ నీలం చూసినప్పుడు దేవుడు రంగుల దగ్గర పిసినారితనం చెయ్యలేదని అనుకునేవాణ్ణి.

పోయిన దసరాకు మంత్రిగారు కారులోంచే మెడ చాచి చూశారు. పిట్ట కనబడలేదు. ఆ తర్వాత మండలం ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడిపోయింది. ఓటమికి కారణం ఏమిటని పార్టీ లోతుగా విచారించి, పిట్టే అని తేల్చింది. అప్పుడు సైన్సును పిలిపించారు.

సైన్సు పేరు యమున మేడమ్. హైదరాబాదు నుంచి వచ్చి కొన్నాళ్లు గుట్టంతా తిరిగింది. తర్వాత నా షామియానా కిందనే మంత్రిగారికి వివరించింది.

"సర్, అడవిలో ఏ పిట్ట ఎక్కడ ఉండాలన్నది వాన, చెట్టు, నీళ్లు నిర్ణయిస్తాయి. మనుషుల అలికిడి కూడా నిర్ణయిస్తుంది. అలికిడి పెరిగితే కొన్ని పిట్టలు లోపలికి జరిగిపోతాయి..."

"అర్థమైంది!" అన్నారు మంత్రిగారు. ఫోను మోగింది. లేచి వెళ్లిపోయారు.

"కానీ పాలపిట్ట అట్లా కాదు సర్. దానికి దున్నిన చెలకలు కావాలి, పశువులు మేసే బయలు కావాలి. తండా ఉంది కాబట్టే..." అని మేడమ్ చెబుతూనే ఉంది. వినడానికి నేనూ, ఖాళీ కుర్చీలూ మిగిలాం. నేను తల ఊపాను. కుర్చీల సంగతి చెప్పలేను.

ఎండలు ముదరకముందే ఆఫీసర్ రాజేందర్ సార్ ట్రాక్టర్లు తీసుకుని తండాకు వచ్చారు. తండా పెద్ద రెడ్యా ఎదురొచ్చాడు.

"సారూ, మా తాతల తాతలు ఈడనే ఉన్నరు. పిట్టలకు మేం కొత్త కాదు."

"అదే కదా సమస్య. మీరు మనుషులు. మనుషులుంటే పిట్టలు రావంట. సైన్సు చెప్పింది."

రెడ్యా భార్య తారా చాట పక్కన పెట్టి లేచింది. "ఇన్నేండ్లకు ఒక సారు మమ్మల్ని మనుషులన్నడు. అదీ ఇండ్లు ఖాళీ చెయ్యమనెతందుకు!"

రాజేందర్ సార్ నొచ్చుకోలేదు. మంచి ఆఫీసర్లు నొచ్చుకోరు. "తాత్కాలికమే అమ్మా. మునగాల కాడ హైవే పక్కన మూతబడ్డ ధాబా ఉంది. దాని వెనక సర్కారు జాగ ఉంది. జర అడ్జస్టు కావాలె."

"ఎన్నొద్దులు సారూ?"

"పిట్టలు సెటిలయ్యేదాక."

గుడిసెల మీది రేకులు, ఎడ్లు, మేకలు, విత్తనం జొన్నలు, వాళ్ల దేవత మేరమ్మ పటం, అన్నీ ట్రాక్టర్లెక్కాయి. పోతూ పోతూ తారా చేను మూలకు తిరిగి చూసింది. జొన్న కోసినప్పుడల్లా అక్కడ ఒక సాలు కొయ్యకుండా పిట్టలకని వదిలేది ఆమె. నేను కూడా మా వాకిట్లో వరికంకుల కుచ్చు కడతాను. మా ఇద్దరి దేవుళ్లు వేరు గాని, పిట్టల దగ్గర లెక్క ఒకటే.

తర్వాత గుట్టకు వచ్చిన అభివృద్ధిని చూడటానికి రెండు కళ్లు చాలవు. చెలకల మీదుగా సిమెంటు రోడ్డు పడింది. గట్లు చదునై కార్లు నిలిపే స్థలమయ్యాయి. గుట్ట మీద దర్శన గోపురం లేచింది. గోపురం ఎక్కితే చెట్లు అడ్డమొచ్చి అడవి కనబడటం లేదని చెట్లు కొట్టారు. చెట్ల మీద దీపాల తోరణాలు కట్టాల్సి ఉండగా చెట్లు లేకపోయేసరికి ఇనుప స్తంభాలు పాతారు. జనరేటరు దడదడలాడుతుంటే, పక్షుల కూతలు మైకులో వేసి పరీక్షించారు. బాగానే వినబడ్డాయి.

పార్టీ కార్యకర్త సోమన్న అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. నాకొక చిన్న సందేహం వచ్చింది. పెద్దలను అడగకూడదు గాని, సోమన్నను అడగొచ్చు.

"సోమన్నా, గీ జనరేటరు, గీ మైకులు, ఇదంత మనుషుల అలికిడి కాదా?"

సోమన్న నన్ను జాలిగా చూశాడు. "కృష్ణన్నా, నువ్వు గింత అమాయకుడవేంది! అలికిడంటే తండావోళ్లది. ఇది కార్యక్రమం."

నా అజ్ఞానానికి సిగ్గుపడి షామియానా గుంజలు పాతుకున్నాను.

దసరా వచ్చింది. జమ్మి పూజ అయ్యింది. మంత్రిగారు గోపురమెక్కి బైనాక్యులర్లు కళ్లకు పెట్టుకున్నారు. కింద జనం. డీజే పాట. బాణసంచా. మంత్రిగారు తూర్పు చూశారు, పడమర చూశారు. కాకి కూడా కనబడలేదు.

"రాజేందర్, పిట్టేది?"

"సర్, పిట్టలు సెలవు రోజు కాబట్టి..."

"పండగ పూట దానికి సెలవేందయ్యా! ఇయ్యాలే కదా దాని డ్యూటీ!"

సోమన్న ముందుచూపు గలవాడు. వెంటనే చేత్తో సైగ చేశాడు. ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ లేచింది. మధ్యలో మంత్రిగారి నిలువెత్తు ఫోటో. ఆయన భుజం మీద పాలపిట్ట. మంత్రిగారు బైనాక్యులర్లు సరిచేసుకుని, "కనబడింది!" అని దండం పెట్టారు. జనమంతా పెట్టారు. నేనూ కళ్లు మూసుకుని పెట్టాను. తెరిచేసరికి నా చూపు పిట్ట మీద కాక మంత్రిగారి మీసం మీద పడింది. ఈ ఏడాది నాకు ఏం జరుగుతుందో ఆ దేవుడికే తెలియాలి.

సాయంత్రం కోదాడలో ఇంకో సభ. కాన్వాయ్ వెనకాల కుర్చీల లారీలో నేను. మునగాల దగ్గర మంత్రిగారికి చాయ్ తాగాలనిపించింది. మూతబడ్డ ధాబా పక్క ధాబా ముందు కార్లు ఆగాయి. నేనూ దిగాను.

మూతబడ్డ ధాబా వెనక జాగ గుర్తుపట్టలేకపోయాను. రాళ్లేరి దున్నిన చెలక. మొన్ననే దున్నినట్టు మట్టి నల్లగా ఉంది. గట్టు మీద మేకలు. అవతల గుడిసెలు. ఒక మూల పచ్చజొన్న కంకులు కోయకుండా నిలబెట్టిన ఒక్క సాలు. పైన కరెంటు తీగ మీద మూడు పాలపిట్టలు. ఒకటి రెక్కలు విప్పి, ఆ నీలమంతా చూపిస్తూ ఎడ్ల కాళ్ల దగ్గర వాలింది.

నా చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఈసారి కళ్లు మూసుకోలేదు.

మంత్రిగారు చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చూశాను. "రాజేందర్! పిట్టలు తమ స్థలాన్ని తామే ఎంచుకున్నయి. వాటి నిర్ణయాన్ని ప్రభుత్వం గౌరవిస్తది. గోపురం ఈడ కట్టిద్దాం!"

సోమన్న చప్పట్లు కొట్టాడు. పిట్టలు ఉలిక్కిపడి అవతలి స్తంభం మీదికి జరిగాయి.

రాజేందర్ సార్ జాగ నాలుగు వైపులా చూసి గుడిసెల దగ్గర ఆగారు. "సర్, ఈడ మనుషుల అలికిడి ఉంది."

ఎవరూ ఏమీ చెప్పకముందే రెడ్యా గుడిసె మీది తాడు విప్పడం మొదలుపెట్టాడు. తారా మేరమ్మ పటాన్ని కొంగుతో తుడిచి గుడ్డలో చుట్టింది.

"ఈపారి ఏడికి సారూ?" అని అడిగాడు రెడ్యా. గొంతులో కోపం లేదు. బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగినట్టే అడిగాడు.

రాజేందర్ సార్ దయగల మనిషి. రెడ్యా భుజం మీద చెయ్యి వేశారు.

"పరేషాన్ కాకు. ఈసారి పక్కాగా పిట్టలు లేని జాగనే చూస్తం."

తారా ఎడ్లను విప్పి రోడ్డు వైపు తోలింది. స్తంభం మీది పిట్టలు మూడూ తలలు అటు తిప్పాయి.