వ్యవస్థాపకురాలి మొగుడు

పదింటికి వీసా ఆఫీసులో ఇంటర్వ్యూ, పదకొండుకల్లా ఇంటికొచ్చి టిఫిను. ఆ పొద్దున బావా, బావమరిదీ వేసుకున్న ప్లాను ఇదీ. ట్యాంకు నిండగానే ఫోను మోగించే పెట్టె ఒకటి ఇద్దరూ కలిసి తయారుచేశారు. కొత్త కంపెనీలకు మూడు నెలలు సానపట్టే విదేశీ యాక్సిలరేటర్ సంస్థ ఒకటి వాళ్లకు సీటిచ్చింది. ఒకటో తారీకుకు అక్కడ లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

వీసాలు మూడు రకాలు. సందర్శకుడిగా వెళ్తే చూడొచ్చు గానీ పని చేయకూడదు. ఉద్యోగిగా వెళ్లాలంటే ఉద్యోగమిచ్చినవాడు ఉండాలి. కంపెనీ పెట్టినవాళ్లకు వేరే వీసా. "పెట్టింది మనమేగా బావా!" అని బావమరిది దానికే దరఖాస్తు చేశాడు.

కౌంటరు వెనక అధికారి రిజిస్ట్రేషన్ కాగితం తిప్పి చూశాడు. "వ్యవస్థాపకురాలని ఇందులో ఒకావిడ పేరుంది. మరి మీరెవరు?"

రిజిస్ట్రేషన్ నాడు ఇద్దరూ ఎవరి పేరు ముందుండాలని జుట్టూ జుట్టూ పట్టుకుని, చివరికి ఎవరిదీ వద్దని ఆవిడ పేరు రాయించారు. ఆవిడ బావకు భార్య, బావమరిదికి అక్క. ఆ సంగతి ఇద్దరూ శుభ్రంగా మరిచిపోయారు.

"అక్క ఊరికే సంతకం పెట్టింది సార్," అన్నాడు బావమరిది.

"అంటే ఉత్తుత్తి కంపెనీయా?"

బావ అతని కాలు తొక్కి, "అబ్బే, కాదు సార్! మేమిద్దరం ఆవిడ దగ్గర ఉద్యోగులం," అన్నాడు.

"నియామక పత్రాలేవి?"

"లేవండీ. పోనీ, ఊరికే చూసి రావడానికి వెళ్తాం," అన్నాడు బావమరిది.

"దరఖాస్తులో రాసిన ఈ తీగలు అతికే టంకం పెట్టె వెంటేసుకుని, మూడు నెలలు ఏం చూస్తారు? ఆవిడను పిలవండి. లేదంటే ఫైలు మూసేస్తాను."

అరగంటలో ఆవిడ పాస్‌పోర్టుతో వచ్చింది.

"మీ కంపెనీ ఏం చేస్తుందమ్మా?"

"ట్యాంకు నిండితే ఫోను మోగిస్తుందండీ. నిండకపోయినా మోగిస్తుంది. అప్పుడు జనం నాకు ఫోను చేస్తారు. వీళ్లు మేడమీద కొత్తది కనిపెడుతుంటారు కదా, నేనే వెళ్లి తీగ సరిచేసి వస్తాను. ఇప్పటికి నలభై ఇళ్లయ్యాయి."

అధికారి మొదటిసారి నవ్వాడు. "మీ పేరు మీద దరఖాస్తు పెట్టండి. ఒకటో తారీకులోపు వీసా వస్తుంది. భర్త మీ వెంట రావచ్చు. తమ్ముడికి మాత్రం దారి లేదు."

ఆవిడ తన ఫోను తమ్ముడి చేతిలో పెట్టింది. "నలభై ఇళ్లూ ఇక నువ్వే చూసుకోరా." అది అక్కడికక్కడే మోగింది.

భర్తకిచ్చిన కాగితంలో ఒక షరతుంది: భార్య వెంట వచ్చినవారు అక్కడ ఏ పనీ చేయరాదు. బావ పెన్ను పట్టుకుని ఆగిపోయాడు.

"పెట్టండి సంతకం," అంది ఆవిడ. "మీకిది కొత్తేం కాదుగా."