కొత్త మూడు మాటలు

ఆ రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ నరాల డాక్టరుగారు గట్టి నిర్ణయం ఒకటి తీసుకున్నారు. మతిమరుపు పరీక్షలో అడిగే మూడు మాటలు మార్చెయ్యాలి. ఏళ్ళ తరబడి ఆయన అడుగుతున్నవి "గొడుగు, రైలు, గుమ్మడికాయ". ముందు ఈ మూడూ చెప్పడం, కాసేపు వేరే సంగతుల్లో పెట్టడం, ఆనక అవేమిటో చెప్పమనడం. అంతే పరీక్ష. నిన్న ఒక ముసలాయన కుర్చీలో కూర్చుంటూనే, ఎవరూ అడగకుండానే మూడూ అప్పజెప్పేశాడు. బయట హాల్లో పాత పేషెంట్లు కొత్తవాళ్ళకు ట్యూషన్ చెబుతున్నారన్నమాట. అందుకని డాక్టరుగారు అద్దం ముందే మూడు కొత్త మాటలు అనుకున్నారు. అవేమిటో ఇప్పుడే చెబితే మీరూ బట్టీ పట్టేస్తారు, కాబట్టి చెప్పను.

మొదట వచ్చింది ఒక బస్సు డ్రైవరు, వెంట ఆయన భార్య. ఎవరో ప్రయాణికుడితో వాదనలో పడి ఒక స్టాపు దాటించి పోనిచ్చాడట. బుర్ర సవ్యంగా ఉందని డాక్టరు రాసిస్తే తప్ప మళ్ళీ బస్సు ఇవ్వనన్నాడు యజమాని. డాక్టరుగారు కొత్త మాటలు మూడూ నిదానంగా చెప్పారు. డ్రైవరు తలూపాడు. భార్య ఆ మాటలు వినలేదు, దిగులుగా మొగుడి మొహమే చూస్తూ కూర్చుంది.

ఇంతలో ఫోను. నిన్నటి పేషెంటుకు స్కానింగ్ ఎందుకో చెప్పమంటూ ఇన్సూరెన్సువాళ్ళు. ఒకరి తరవాత ఒకరు లైన్లోకి వచ్చి, ప్రతివాళ్ళూ కథ మొదటినుంచీ చెప్పించుకున్నారు. అది పెట్టేసేసరికి కంప్యూటరు పాస్‌వర్డ్ మార్చితే గాని కదలనని మొండికేసింది. మార్చారు. అంతలో అక్కయ్య తలుపు తోసుకుని తొంగిచూసింది. క్లినిక్‌లో కౌంటరు చూసేది డాక్టరుగారి సొంత అక్కే.

"ఒరేయ్, ఫిట్స్ అమ్మాయిని తొందరగా చూడాలిరా. తలనొప్పి ఆవిడేమో హాల్లో లైట్లు ఆర్పమంటోంది, ఆర్పితే మిగతావాళ్ళు నన్ను తిడుతున్నారు."

"వస్తున్నానక్కా," అని డాక్టరుగారు డ్రైవరు వైపు తిరిగారు. "ఇందాక నేను మూడు మాటలు చెప్పాను. అవేమిటో చెప్పండి."

డ్రైవరు ఆయన వంక అదోలా చూశాడు. "గొడుగు, రైలు, గుమ్మడికాయ," అన్నాడు.

తప్పు అని రాయబోయిన డాక్టరుగారి చెయ్యి అక్కడే ఆగిపోయింది. మరి ఒప్పేమిటి? ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు.

"అమ్మా, మీరు కూడా విన్నారుగా. ఏమిటవి?"

"నన్నూ పరీక్ష చేస్తున్నారా డాక్టరుగారూ?" అంది భార్య, మొహం పాలిపోయి. "నాకేం గుర్తు లేదండీ. ఈ జబ్బు నాకూ వచ్చేసిందా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిణ్ణి ఓదార్చే ఓపిక లేక డాక్టరుగారు ఇద్దరినీ కాసేపు బయట కూర్చోమన్నారు.

చుట్టుపక్కల నరాల డాక్టరు ఆయన ఒక్కరే. ఆయన మతి పోతే క్లినిక్‌కు తాళం పడ్డట్టే. అది సరే, ఈపాటికి ఎవరికి ఏ మందు బదులు ఏ మందు రాసిచ్చారో? వందలోంచి ఏడేసి చొప్పున తీసేస్తూ లెక్కపెట్టారు. గడగడా వచ్చేసింది. వచ్చి ఏం లాభం, రోజూ పేషెంట్ల చేత చెప్పించి చెప్పించి అది నోటికి వచ్చిన పాఠమే. తనను తాను పరీక్షించుకుందామంటే, తనకు జవాబు తెలియని పరీక్ష ఒక్కటీ లేదు. చివరికి, మతిమరుపు పేషెంట్ల చేత గీయించే గడియారం బొమ్మ కంగారు కంగారుగా తనే గీశారు. అంకెలన్నీ ఒక పక్కకే పోగయ్యాయి. దాన్ని చూసి ఇంకా బెంబేలెత్తి, మొహం కడుక్కోవడానికి వెళ్ళారు.

ఆ సందులో అక్కయ్య గదిలోకి వచ్చింది. బొమ్మ చూసి, అయ్యో పాపం డ్రైవరు అనుకుని, కాగితం పట్టుకుని హాల్లోకి నడిచింది. ఆవిడ రహస్యం చెబితే వీధి మొత్తానికి వినిపిస్తుంది. "ఈ గడియారం గీసిన మనిషిని బండి దగ్గరికి వెళ్ళనివ్వకమ్మా," అంది భార్య చెవిలో.

"నేను గడియారమేమీ గీయలేదండీ," అన్నాడు డ్రైవరు.

"గీసిన సంగతే గుర్తు లేదు, చూశారా," అన్నారెవరో. భార్య బావురుమని ఏడుస్తూ మొగుడి జేబులోంచి స్కూటరు తాళం లాగేసుకుంది.

డాక్టరుగారు తువ్వాలుతో బయటికి వచ్చేసరికి ఇదీ సీను. నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది, ఆ మనిషి ఉద్యోగం పోతుంది.

"అక్కా, అది గీసింది నేను," అన్నారు. "ఆయనకు చెప్పిన మూడు మాటలు నాకే గుర్తు లేవు. ఇకమీదట మీరంతా నన్ను నమ్మి..."

"దువ్వెన, కాలువ, ఉల్లిపాయ," అన్నాడు డ్రైవరు.

డాక్టరుగారికి అద్దం, గడ్డం మీది నురగ, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అవే. కచ్చితంగా అవే. "మరి ఇందాక లోపల అలా చెప్పారేమండీ?"

డ్రైవరు కాస్త ఇబ్బందిపడ్డాడు. "అసలైనవి గొడుగు, రైలు, గుమ్మడికాయ అని బయట అందరూ చెప్పారండీ. మీరేమో వేరేవి చెప్పారు. పాపం పెద్దాయన, మరిచిపోయారు, మా ఆవిడ ముందు చిన్నబుచ్చడం ఎందుకులే అని నేనే సర్దేశాను."

డాక్టరుగారు డ్రైవరును మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి, మిగతా పరీక్షలన్నీ ఓపిగ్గా చేసి, అక్కయ్యను సాక్షిగా కూర్చోబెట్టుకుని మరీ సర్టిఫికెట్ రాశారు. సంతకం పెట్టాక కలం గాలిలో ఆగింది.

"ఇవాళ తేదీ ఎంతండీ?" అని అడిగారు.

డ్రైవరు చెప్పాడు. ఈసారి అది పరీక్ష అని ఎవరూ అనుకోలేదు.