ట్యాంకులో గోదావరి

తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరడం, ఆరున్నరకల్లా పట్టిసీమ రేవు చేరడం, ఏడింటికి అత్తగారి స్నానం, ఎనిమిదింటి పడవెక్కి నది మధ్య గుడిలో వీరభద్రుడి దర్శనం. రాజమండ్రిలో పాలిటెక్నిక్ లెక్చరర్ శశిభూషణ్ దసరా సెలవుల మొదటి రోజుకు వేసుకున్న ప్రణాళిక ఇది. కారు వెనక తగిలించిన కొత్త ట్రైలరు పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. అందులో రెండు మంచాలు, పొయ్యి, స్నానాలగది, నీళ్ళ ట్యాంకు, మోటారు అన్నీ ఉన్నాయి.

అత్తగారు బుల్లెమ్మగారు పదకొండేళ్ళుగా పరాయిచోట ఒక్క పూట కూడా స్నానం చేసి ఎరగరు. తన మడికి సరిపడే స్నానాలగది తన ఇంట్లో తప్ప లోకంలో మరెక్కడా లేదని ఆవిడ అభిప్రాయం. తల్లిని ఒక్కసారి కాశీ తీసుకువెళ్ళాలని ఉమాశ్రీకి ఎన్నాళ్ళనుంచో కోరిక. భార్య కోరిక తీర్చడానికే శశిభూషణ్ ట్రైలరు కొన్నాడు. "ఈ పెట్టెలో నా స్నానం సవ్యంగా జరిగితే కాశీ వస్తాను. జరక్కపోతే మళ్ళీ నా దగ్గర కాశీ మాటెత్తద్దు" అని బుల్లెమ్మగారు ముందురోజే తేల్చి చెప్పారు. ముందురోజే ఎందుకంటే, నిద్ర లేచింది మొదలు స్నానం అయ్యేదాకా ఆవిడది మౌనవ్రతం. ఒక తెల్లవారుజామున ఇంట్లో దొంగ పడితే కూడా చప్పట్లు కొట్టి ఊరుకున్నారు.

శశిభూషణ్‌కి తెలియని సంగతి ఒకటుంది. అతను ట్యాంకులో శ్రద్ధగా నింపిన బోరునీళ్ళు ముందురోజు సాయంత్రమే కాలవలో కలిశాయి. మడికి బోరునీళ్ళు పనికిరావు కనక, బుల్లెమ్మగారు నీళ్ళు మోసే వెంకన్న చేత రేవు నుంచి ఇరవై బిందెల గోదావరి నీళ్ళు తెప్పించి పోయించారు. వరద తీసినా నది ఇంకా ఎర్రగానే ఉంది. దానికేం? పట్టిసీమలో అల్లుడు చక్రాల కింద రాళ్ళు పెడుతుండగా, ఆవిడ ట్యాంకు మూత తీసి, చిల్లగింజ అరగదీసి నీళ్ళలో కలిపారు. కాసేపు ఆగితే మట్టంతా అడుక్కి దిగుతుంది, పైన నీరు తేరుకుంటుంది. వాళ్ళింట్లో తరతరాలుగా బిందెల్లో జరుగుతున్న పనే. కుళాయి మాత్రం ట్యాంకు అడుగు నుంచి నీళ్ళు తీసుకుంటుందని ఆవిడకెవరూ చెప్పలేదు.

ఏడింటికి శశిభూషణ్ కుళాయి తిప్పాడు. చెంబెడు ఎర్రబురద పడి ఆగిపోయింది. మోటారు మాత్రం గురకపెడుతూనే ఉంది. వెంటనే కంపెనీకి ఫోన్ చేశాడు.

"మీ ట్యాంకు తుప్పు పట్టిందండీ!"

"అది ప్లాస్టిక్ ట్యాంకు సార్" అన్నాడు కంపెనీ ఉద్యోగి సురేష్‌బాబు.

"అయితే పైపులు పట్టాయి."

"అవీ ప్లాస్టిక్కేనండి. ఒక్కసారి ట్యాంకు మూత తీసి చూడండి సార్."

"నేను పోసిన నీళ్ళు నేను చూసేదేంటండీ? ఇరవై ఏళ్ళనుంచి నీళ్ళ ప్రవాహం మీదే పాఠాలు చెబుతున్నాను!" అని శశిభూషణ్ ఫోన్ పెట్టేశాడు.

పడవ నడిపే లోవరాజు వచ్చి చెంబులో వేలు ముంచి చూశాడు. "ఇది గోదారి నీరేనండి బాబూ."

"బోరునీళ్ళయ్యా!"

"మరైతే మీ బోరు గోదాట్లో ఏసుంటారండి" అని లోవరాజు వెళ్ళిపోయాడు.

బుల్లెమ్మగారు తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చారు. సంగతి గ్రహించి, అడుగునుంచి కాదన్నట్టు చెయ్యి ఊపి, వేలు పైకి చూపించారు.

"పైన ఏదో ఉందంటోందండీ అమ్మ" అంది ఉమాశ్రీ.

శశిభూషణ్ ట్రైలరు కప్పెక్కాడు. అక్కడ గాలికోసం పెట్టిన చిన్న కిటికీ తప్ప ఏమీ లేదు. అతను దాని మీద కాలేసి దిగేసరికి అదీ లేదు. బుల్లెమ్మగారు తల పట్టుకుని, ఈసారి బొటనవేలితో అరచేతిలో గింజ అరగదీస్తున్నట్టు చూపించారు.

"వాషర్ అరిగిపోయిందేమోనండీ" అంది ఉమాశ్రీ.

శశిభూషణ్ సింకు కింద పైపు విప్పాడు. అందులో ఇరుక్కున్న బురద ఒక్కసారిగా చిమ్మి సగం పరుపుల మీద, సగం గుడి కోసం కట్టుకొచ్చిన ఉమాశ్రీ పట్టుచీర మీద పడింది. ఎనిమిదింటి పడవ అటు వెళ్ళిపోయింది. తల్లి ఇక ఇల్లు కదలదనుకుని ఉమాశ్రీకి ఏడుపొచ్చింది. బుల్లెమ్మగారు ఆఖరి ప్రయత్నంగా చేత్తో నీళ్ళు తోడుతున్నట్టు చూపించారు.

"తోడి పారబొయ్యమంటోందండీ" అంది ఉమాశ్రీ ముక్కు తుడుచుకుంటూ.

"అదే మంచిది" అని శశిభూషణ్ ట్రైలరు కింద దూరి ట్యాంకు బిరడా మీద చెయ్యి వేశాడు.

"అయ్యయ్యో, ఆగండి అల్లుడుగారూ!"

రేవులో వాళ్ళంతా ఇటు తిరిగారు. బుల్లెమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వ్రతం ఎలాగూ పోయిందని ఆ చెయ్యి తీసేశారు.

"బిందె అడుగున కన్నం పెట్టి నీళ్ళు పట్టుకుంటామాండీ ఎక్కడైనా? గోదావరి నీళ్ళు పోయించాను, చిల్లగింజ వేశాను, పైన తేరుకున్నాయి ముంచుకోండని గంటన్నరనుంచి చెబుతుంటే కప్పెక్కుతారు, పైపులు పీకుతారు. ఆ ఉన్న నీళ్ళు కూడా ఒలకబోస్తారా?"

"ఎప్పుడు చెప్పారండీ అత్తయ్యగారూ?"

"ఇంత వివరంగా చేత్తో చెప్పానుగా!"

శశిభూషణ్ ట్యాంకు మూత తీశాడు. అడుగున బెత్తెడు ఎర్రమట్టి, పైన మూరెడు తేటనీరు. గోదావరి గట్టున పుట్టి గోదావరి మట్టిని పోల్చుకోలేకపోయినందుకు అతనికి సిగ్గేసింది. బకెట్టు అందించాడు.

బుల్లెమ్మగారు చెంబుతో పైపైన ముంచి బకెట్టు నింపుకుని లోపలికెళ్ళారు. అరగంటసేపు చెంబు చప్పుడు వినిపిస్తూనే ఉంది. భార్యాభర్తలిద్దరూ పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు తలుపు దగ్గర నిలబడ్డారు.

"హాయిగా ఉందే ఉమా" అంటూ బయటికొచ్చారు బుల్లెమ్మగారు. "మనింట్లో పోసుకున్నట్టే ఉంది. కాశీ ఎప్పుడో చెప్పండి."

ఉమాశ్రీ ఆ బురద చీరతోనే పరుగున రాబోయి, మడి గుర్తొచ్చి, ఆగి సంతోషంతో ఏడ్చింది. శశిభూషణ్‌కి ప్రాణం లేచొచ్చింది.

"కాశీ వెళ్ళగానే ట్యాంకు నిండా గంగనీళ్ళు పోయిస్తానండీ అత్తయ్యగారూ!"

"గంగలో పుణ్యానికి ఓ మునక వేస్తాను. రోజూ పోసుకోవడానికి మాత్రం కొత్తనీళ్ళు నా ఒంటికి పడవండీ. ఇక్కణ్ణుంచే పట్టుకుపోదాం."

కాశీ దాకా వెళ్ళి గోదావరి స్నానం చేసి రావడానికి కార్తీకంలో ముహూర్తం కుదిరింది.